మీ బండికి ఏ ఆయిల్ పోయాలి, ఎప్పుడు మార్చాలి: ఒక ఖమ్మం మెకానిక్ లెక్క

స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్ళి “అన్నా, మంచి ఇంజిన్ ఆయిల్ ఒకటియ్యి” అని మాత్రం అడగకండి. అలా అడిగితే షాపాయన తనకి నాలుగు రూపాయలు ఎక్కువ మిగిలే డబ్బా తీసి ఇస్తాడు. ఆయన వ్యాపారం ఆయనది, తప్పు పట్టలేం. అసలు మంచి ఆయిల్ అని విడిగా ఒకటి లేదు. మీ బండికి సరిపడేది ఉంటుంది, సరిపడనిది ఉంటుంది. షాపులో అన్నింటికన్నా ఖరీదైన కారు ఆయిల్ తెచ్చి స్ప్లెండర్‌లో పోశారనుకోండి, డబ్బులూ పోతాయి, క్లచ్చూ జారుతుంది.

నాది ఖమ్మంలో టూ వీలర్ షెడ్డు. వచ్చేవి ఎక్కువగా స్ప్లెండర్లు, షైన్లు, యాక్టివాలు, పల్సర్లు, అప్పుడప్పుడు బుల్లెట్లు. పాలు పోసేవాళ్ళు, గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, ఫుడ్ డెలివరీ పిల్లలు, బడికి వెళ్ళొచ్చే టీచర్లు, ఇలా రకరకాల వాళ్ళు వస్తారు. అందరూ అడిగేది ఒకటే: “ఎన్ని కిలోమీటర్లకి మార్చాలన్నా?” ఆ ప్రశ్నకి అందరికీ ఒకే జవాబు చెప్పే మెకానిక్ ఉంటే ఆయన మీ బండిని చూడలేదనే అర్థం.

ముందు ఏ ఆయిలో చూద్దాం. డబ్బా ముందువైపు సింహం బొమ్మో, రేసు బండి బొమ్మో ఉంటుంది, దాన్ని వదిలేయండి. డబ్బా తిప్పి వెనక చిన్న అక్షరాల్లో మూడు సంగతులు చూడండి.

మొదటిది చిక్కదనం. 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. అంకె చిన్నదైతే చలిలో కూడా పల్చగా పారుతుంది. వెనకున్న అంకె ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. 10డబ్ల్యూ రకానికి చలి పరీక్ష మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర చేస్తారు. మన దగ్గర సంక్రాంతి చలికి కూడా అంత సీన్ లేదు. అట్లని ముందున్న అంకె మనకి పనికిరాదనుకోవద్దు. పొద్దున్నే కిక్ కొట్టిన మొదటి కొన్ని సెకన్లలో ఆయిల్ కింది నుంచి పైన హెడ్‌లో వాల్వులని తెరిచే క్యామ్ దాకా ఎక్కాలి. పల్చగా ఉంటే తొందరగా ఎక్కుతుంది. ఇంజిన్ అరుగుదలలో పెద్ద వాటా ఆ మొదటి నిమిషాలదే.

ఏటా ఏప్రిల్ రాగానే ఒక మాట మొదలవుతుంది. “ఎండలు మండిపోతున్నయ్, ఈసారి చిక్కటి ఆయిల్ పొయ్యి అన్నా.” ఎండ 45 డిగ్రీలు ఉన్నా, 30 ఉన్నా ఇంజిన్ లోపల ఆయిల్ 100 డిగ్రీల దరిదాపుల్లోనో, అంతకన్నా పైనో తిరుగుతుంది. గాలితో చల్లబడే బళ్ళలో ఎండాకాలం ఇంకొంచెం పెరుగుతుంది, నిజమే. కానీ మీ బండితో ఇచ్చిన పుస్తకం రాసినవాళ్ళకి మన మే నెల తెలియక 10డబ్ల్యూ-30 అని రాయలేదు. లోపల బేరింగులకీ షాఫ్టులకీ మధ్య సందులు, ఆయిల్ పంపు బలం ఆ ఆయిల్‌ని దృష్టిలో పెట్టుకుని పెట్టినవే. 10డబ్ల్యూ-30 తాగే స్ప్లెండర్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే శబ్దం కొంచెం తగ్గి హాయిగా అనిపిస్తుంది. దాంతోపాటు పికప్, మైలేజీ కూడా కొంచెం తగ్గుతాయి. శబ్దం తగ్గింది కాబట్టి బండి బాగుందనుకోవడం మన దగ్గర పాత అలవాటు.

చిక్కటి ఆయిల్‌కి నేను ఒప్పుకునేది ఒక్క సందర్భంలోనే. బాగా తిరిగి, పిస్టన్ రింగులు అరిగి, ఆయిల్ తాగడం మొదలుపెట్టిన పాత ఇంజిన్, ఓనర్ దగ్గర ఇప్పుడే ఇంజిన్ బోరు (పిస్టన్ తిరిగే సిలిండర్) చేయించడానికి డబ్బుల్లేవు. అప్పుడు ఒక మెట్టు చిక్కగా 20డబ్ల్యూ-40 పోస్తే ఆయిల్ తాగడం కొంచెం నెమ్మదిస్తుంది. అది మరమ్మతు కాదు, వాయిదా. ఆ సంగతి ఓనర్‌కి ముందే చెప్పి పోస్తాను.

రెండోది ఏపీఐ గ్రేడ్. ఇది అమెరికా పెట్రోలియం సంస్థ వాళ్ళ ప్రమాణం. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్లకి, సీతో మొదలైతే డీజిల్‌కి. ఎస్ తర్వాతి అక్షరం ముందుకి పోయేకొద్దీ కొత్త తరం ఆయిల్. ఎస్ఎల్ 2001 నాటిది, ఎస్ఎం 2004, ఎస్ఎన్ 2010, ఎస్‌పీ 2020. పుస్తకంలో ఎస్ఎల్ అని ఉంటే ఎస్ఎల్ గానీ దాని తర్వాతది గానీ పోయొచ్చు, వెనక్కి మాత్రం వెళ్ళకూడదు. చవగ్గా దొరికే కొన్ని డబ్బాల మీద ఇప్పటికీ ఎస్ఎఫ్, ఎస్‌జీ అని కనిపిస్తాయి. అవి ఈ కాలం బళ్ళకి వద్దు.

మూడోది జాసో. ఇది జపాన్ వాళ్ళ ప్రమాణం. గేర్ల బళ్ళకి నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం, దీన్నే ఎవరూ చూడరు. గేర్ల బండిలో ఇంజిన్, గేర్ బాక్సు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారులో అలా కాదు, క్లచ్ వేరే, గేర్ ఆయిల్ వేరే. అందుకని కారు ఆయిల్‌లో మైలేజీ కోసం రాపిడి బాగా తగ్గించే మందులు కలుపుతారు. అవే మందులు బైక్‌లో క్లచ్ ప్లేట్లని జారనిస్తాయి. వైరా రోడ్డులో ఓవర్‌టేక్ చేద్దామని రేజ్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. క్లచ్ ప్లేట్లు పోయాయని కొత్తవి వేయించుకుంటారు, ఆయిల్ మాత్రం అదే పోస్తారు, కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే వస్తుంది. గేర్ల బండికి డబ్బా మీద ఎంఏ అనో ఎంఏ2 అనో ఉండాలి. గేర్లు లేని స్కూటర్‌కి ఎంబీ. స్కూటర్ క్లచ్ ఆయిల్ తగలకుండా బెల్టు డబ్బాలో ఉంటుంది కాబట్టి జారే ఆయిల్ వల్ల దానికి మంచే గానీ చెడు లేదు. తప్పనిసరైతే స్కూటర్‌లో ఎంఏ పోయొచ్చు. బైక్‌లో ఎంబీ వద్దే వద్దు.

మామూలుగా నా షెడ్డులో స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ-30 ఎంఏ, యాక్టివాకి 10డబ్ల్యూ-30 ఎంబీ, పల్సర్ 150కి 20డబ్ల్యూ-50 ఎంఏ, బుల్లెట్ 350కి 15డబ్ల్యూ-50 ఎంఏ2 పోస్తాం. ఇదే పేరున్న బండికి కూడా మోడల్ మారితే ఆయిల్ మారొచ్చు. అందుకే నా మాట కన్నా మీ బండితో ఇచ్చిన పుస్తకం మాట వినండి. పుస్తకం సీటు కిందో, బీరువాలో ఆర్‌సీ జిరాక్సుల మధ్యో ఉంటుంది, వెతకండి. లేకపోతే కంపెనీ వెబ్‌సైటులో దొరుకుతుంది.

సింథటిక్ కావాలా, మామూలు మినరల్ చాలా అని అడుగుతారు. మినరల్ అంటే ముడి చమురుని శుద్ధి చేసి తీసింది, సింథటిక్ అంటే ఫ్యాక్టరీలో రసాయన పద్ధతిలో తయారుచేసింది, సెమీ సింథటిక్ అంటే రెండూ కలిపింది. 100 సీసీ బండి మీద రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళకి మినరల్ చాలు. సింథటిక్ వేడికి తొందరగా చెడదు, ఎక్కువ దూరం నిలబడుతుంది, ధర రెట్టింపు పైనే ఉంటుంది. సింథటిక్ పోయించుకుని, మళ్ళీ 2500కే మార్చేవాళ్ళని చూస్తే నాకు వాళ్ళ జేబు మీద జాలి. డబ్బు పెట్టి కొన్నది ఆ ఎక్కువ దూరం కోసమే కదా. బుల్లెట్ మీద లడఖ్ వెళ్ళేవాళ్ళకి, పెద్ద ఇంజిన్ బళ్ళని గట్టిగా తోలేవాళ్ళకి దానితో పని ఉంది. పుస్తకంలో సెమీ సింథటిక్ అని రాసి ఉంటే మాత్రం దాన్ని తగ్గించి మినరల్ పోయకండి.

బ్రాండు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. పై మూడూ కలిస్తే పేరున్న ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. నకిలీ మాత్రం నిజమైన భయం. అసలు డబ్బాలోనే వాడేసిన ఆయిల్‌ని వడగట్టి, రంగు తేల్చి, మళ్ళీ సీలు వేసి అమ్ముతారు. మూత సీలు విరిగిన శబ్దం మీ చెవిన పడాలి. బ్యాచ్ నంబరు, తయారైన నెల చెరిగిపోకుండా ఉండాలి. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. షాపులన్నీ ఒక ధర చెబుతుంటే ఒకడు మాత్రం నూటయాభై తక్కువకి ఇస్తానంటే ఆ డబ్బాని ముట్టుకోకండి. లూజు ఆయిల్ అసలే వద్దు. ఆయిల్ పోయించుకున్నాక ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో ఒక కన్నం పెట్టమనండి. పెట్టనని మొహమాటపడే షెడ్డులో రెండోసారి సర్వీసింగ్ చేయించుకోవద్దు.

ఇక ఎప్పుడు మార్చాలన్నది. 100, 125 సీసీ బళ్ళకి కంపెనీలు మోడల్‌ని బట్టి 3000 నుంచి 6000 కిలోమీటర్ల మధ్య చెబుతాయి. మెకానిక్కులు 2000 అంటారు, కొందరు 1500 అంటారు. పుస్తకం రాసినవాడు మామూలు రోడ్డు, మామూలు తోలుడు అనుకుని రాశాడు. మెకానిక్ మీ బండి మళ్ళీ తొందరగా షెడ్డుకి రావాలని కోరుకుంటాడు, నేనూ ఆ జాతివాణ్ణే. ఈ రెంటి మధ్య మీ అంకెని మీరే తేల్చుకోవాలి.

అందుకు ట్రాక్టర్ల వాళ్ళని చూడండి. ట్రాక్టర్‌కి కిలోమీటర్ల లెక్క ఉండదు, గంటల మీటరే. ఆయిల్ చెడేది దూరం వల్ల కాదు, ఇంజిన్ తిరిగిన కాలం వల్ల, వేడి వల్ల, లోపలికి చేరిన మురికి వల్ల. కొత్తగూడెం రోడ్డు మీద గంటకి 45 చొప్పున ఆగకుండా వెళ్ళే బండి 3000 కిలోమీటర్లు పూర్తి చేసేసరికి ఇంజిన్ సుమారు 67 గంటలు తిరుగుతుంది. ఊళ్ళో సిగ్నళ్ళు, సందులు, హోటల్ ముందు ఆపకుండా నిలబెట్టిన బండి, అన్నీ కలిపి సగటున గంటకి 15 పడితే అదే 3000కి 200 గంటలు. మీటరు రెంటికీ ఒకే అంకె చూపిస్తుంది. ఆయిల్ మాత్రం రెండో బండిలో మూడింతలు పనిచేసింది.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో హైవే మీద పోయొచ్చే ఉద్యోగికి పుస్తకంలో ఉన్నంతా ఆగమనే చెబుతాను, మధ్యలో లెవెల్ చూసుకుంటే చాలు. ఊళ్ళోనే తిరిగే బండికి 3000. డెలివరీ పిల్లలు రోజుకి వంద కిలోమీటర్లు తిప్పుతారు, వాళ్ళకి నెలకోసారి తప్పదు. “నెలనెలా నాలుగు వందలా అన్నా” అని బాధపడతారు. ఇంజిన్ పని వస్తే అయ్యే వేలు, దానికితోడు పనిలేక పోయే రోజులు చెబితే ఒప్పుకుంటారు. గ్రానైట్ ఫ్యాక్టరీల దగ్గరా, క్వారీల దారిలో తిరిగే బళ్ళకి 2500. అక్కడ ఆయిల్ కన్నా ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఆ రాతి పొడి ఫిల్టర్ దాటి లోపలికి పోతే బోరు అరగడానికి ఎక్కువ రోజులు పట్టదు, ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా కాపాడలేదు.

అందరికన్నా పొరబడేది తక్కువ తిప్పేవాళ్ళే. ఇంటి నుంచి బడికి కిలోమీటరున్నర, మళ్ళీ ఇంటికి. ఏడాదికి వెయ్యి కూడా తిరగదు. “ఇంకా మూడు వేలు కాలేదు కదా” అని మూడేళ్ళు అదే ఆయిల్ మీద నడుపుతారు. అంత దగ్గరి దారిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆపేస్తారు. పెట్రోల్ మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది, లేకపోతే ఆయిల్‌లోకే దిగుతుంది. కాలని పెట్రోల్ చుక్కలు కూడా దాంతో కలుస్తాయి. అలాంటి బండికి కిలోమీటర్లు మర్చిపోండి, ఏడాదికోసారి కచ్చితంగా మార్చండి. వానాకాలం అయ్యాక మార్పిస్తే ఇంకా మంచిది. వారానికోసారి ఒక పది పదిహేను కిలోమీటర్లు తిప్పి తేవడం కూడా ఆ బండికి మందే.

కొత్త బండి మొదటి సర్వీసుని మాత్రం ఆలస్యం చేయకండి. 500 నుంచి 1000 లోపల, పుస్తకంలో ఉన్న అంకెకి మార్పించండి. కొత్త భాగాలు ఒకదానితో ఒకటి సర్దుకునేటప్పుడు రాలే లోహపు నలుసులన్నీ ఆ ఆయిల్‌లోనే ఉంటాయి.

రంగు చూసి మార్చమనేవాళ్ళు రోజూ ఇద్దరు ముగ్గురైనా వస్తారు. “నల్లగయింది, మార్చెయ్.” ఆయిల్ నల్లబడిందంటే మసిని తనలోకి లాక్కుని లోపలి భాగాలకి అంటకుండా పట్టి ఉంచిందని అర్థం. అది దాని పనే. డీజిల్ బళ్ళలో అయితే మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. భయపడాల్సిన రంగులు వేరే ఉన్నాయి. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు కలిశాయి. ఎండలో పట్టి చూస్తే జరీలా మెరిస్తే లోపల ఏదో లోహం అరుగుతోంది. వేలికి రాసుకుని వాసన చూస్తే పెట్రోల్ కొడితే కార్బరేటర్ గానీ, ఇంజెక్టర్ గానీ ఎక్కువ పోస్తోంది. ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆయిల్ మార్చి ఊరుకోకుండా కారణం వెతికించండి.

నా అనుభవంలో పాత ఆయిల్ వల్ల చచ్చిన ఇంజిన్ల కన్నా ఆయిల్ తక్కువై చచ్చినవే ఎక్కువ. చిన్న బండిలో ఉండేదే లీటరు లోపు, అందులో 300 మిల్లీలీటర్లు తగ్గితే మూడో వంతు పోయినట్టు. మిగిలిన దానిమీదే వేడంతా, పనంతా పడుతుంది. పదిహేను రోజులకోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ కొలిచే గీతల పుల్ల) తీసి చూడటం ఏ సింథటిక్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. బండిని చదునైన చోట సెంటర్ స్టాండ్ వేయండి. మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టండి. స్ప్లెండర్, యాక్టివా లాంటివాటికి మర బిగించకుండా ఊరికే ఆనించాలి. బిగించి చూస్తే లెవెల్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. రెండు గీతల మధ్య తడి ఉంటే సరి. బుల్లెట్, పల్సర్ లాంటివాటికి పక్కన గాజు కిటికీ ఉంటుంది, బండి నిటారుగా నిలబెట్టి అందులో చూడాలి.

మీరే మార్చుకుంటానంటే కష్టమేం కాదు. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు కింద పాత టబ్బు పెట్టి డ్రైన్ బోల్టు విప్పండి. స్ప్లెండర్‌కి 17 నంబర్ స్పానర్. చివరి చుక్కల కోసం పదినిమిషాలు ఆగండి. కిరోసిన్‌తోనో, డీజిల్‌తోనో కడిగి స్టార్ట్ చేసే పద్ధతి ఇంకా కొన్ని షెడ్లలో ఉంది, మీ బండికి చేయనివ్వకండి. కిరోసిన్‌కి జిడ్డు లేదు, ఆ నిమిషంలోనే బేరింగులకి దెబ్బ. పైగా మూలల్లో మిగిలిన కిరోసిన్ కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది. బోల్టు వాషర్ కొత్తది వేయండి, ఐదు పది రూపాయలకి వస్తుంది. బోల్టుని బలం చూపించి బిగించకండి. ఇంజిన్ అల్యూమినియం, మర తెగితే లేతు షాపు దాకా వెళ్ళాలి. స్ప్లెండర్‌కి కాగితం ఆయిల్ ఫిల్టర్ ఉండదు, జల్లెడ, తిరిగే ఫిల్టర్ పక్క కవర్ లోపల ఉంటాయి. వాటిని ప్రతిసారీ కాకపోయినా, ఏడాదికోసారి షెడ్డులో విప్పించి శుభ్రం చేయించండి. స్కూటర్‌కి వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరే, వంద మిల్లీలీటర్ల పైచిలుకు ఉంటుంది. దాన్ని అడగనిదే ఎవరూ మార్చరు.

పోసేటప్పుడు డబ్బాలో ఉంది కదా అని అంతా ఒంపేయకండి. బైకులకి 900 మిల్లీలీటర్లు, స్కూటర్లకి 800 డబ్బాలు విడిగా అమ్మేది అందుకే. కాసిని తక్కువ పోసి, ఒక నిమిషం నడిపి, ఆపి, లెవెల్ చూసి మిగతాది పోయండి. ఎక్కువైతే లోపల తిరిగే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, సీళ్ళ దగ్గర కారుతుంది, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి ఎక్కుతుంది.

కార్ల గురించి రెండు ముక్కలు. నాది ఆ పని కాదు కానీ కారున్న మా చుట్టాలకి చెప్పేదే మీకూ చెబుతాను. ఇప్పటి చిన్న పెట్రోల్ కార్లు 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిల్ తాగుతాయి, నీళ్ళలా ఉందని కంగారుపడి చిక్కది పోయించకండి. చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది, ఫిల్టర్ కూడా ప్రతిసారీ. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ కారులో పొగ గొట్టం దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటే, బూడిద తక్కువ వదిలే ఆయిలే కావాలి. డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల ప్రమాణం) సీ2, సీ3 అని ఉంటుంది, మీ కారుకి ఏదో పుస్తకంలో చూడండి. మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే దాని బూడిద ఆ ఫిల్టర్‌లో పేరుకుంటుంది. మసి అయితే వేడికి కాలిపోతుంది, బూడిద కాలదు. ఆ ఫిల్టర్ ధర వింటే ఆయిల్ మీద మిగుల్చుకున్నది ఎంతో తెలుస్తుంది.

తీసిన పాత ఆయిల్‌ని మోరీలో పోయకండి. మా ఊళ్ళ వైపు చెదలు పట్టకుండా తలుపులకీ, గుంజలకీ పూస్తారు. అందులో లోహాలు, కాలిన మసి ఉంటాయి, పిల్లలు తాకే కలపకి అది మంచిది కాదు. ఖాళీ డబ్బాలోకి ఒంపి దగ్గర్లో ఏ షెడ్డులోనైనా ఇవ్వండి, మా దగ్గర దానికి డ్రమ్ము ఉంటుంది, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. డబ్బాకి కన్నం మాత్రం అందులోది డ్రమ్ములో ఒంపాకే పెట్టండి.